టైవిన్ ప్రభువు మలబద్ధకంపై సమగ్ర విచారణ

మహామంత్రి టైవిన్ లానిస్టర్ మరుగుదొడ్డిలో కూర్చుని ఉండగా కన్నకొడుకు టిరియన్ క్రాస్‌బోతో పొత్తికడుపులో బాణం దించి చంపాడని, ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ ధారావాహికకు మూలమైన నవలామాలికలో మూడో భాగంగా 2000లో వెలువడిన ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’లో జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఎటువంటి శషభిషలూ లేకుండా రాశాడు. చంపినవాడెవరో తెలుసు, ఆయుధం తెలుసు, చావుకు ముందు తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో కూడా తెలుసు. సామాన్య పాఠకుడు ఇక్కడ పుస్తకం మూసి నిద్రపోతాడు. పుస్తకం చెప్పని రహస్యాలను ఊహించి రుజువులు వెతికే అభిమాన సిద్ధాంతకర్తకు మాత్రం ఇక్కడే నిద్ర చెడుతుంది. ఆయన సందేహం ఒక్కటే: ఆ వేళప్పుడు టైవిన్ మరుగుదొడ్డికి ఎందుకు వెళ్లినట్టు?

మనుషులు అక్కడికి ఎందుకు వెళ్తారో లోకానికంతటికీ తెలుసు కదా అని మీరు అంటే, మీకు సాహిత్యాన్ని లోతుగా చదివే అలవాటు లేదన్నమాట. సిద్ధాంతం ప్రకారం, డోర్న్ అనే దక్షిణ రాజ్యం తరఫున మంత్రిమండలిలో కూర్చోవడానికి రాజధానికి వచ్చిన ఓబెరిన్ మార్టెల్, విషాల గుట్టుమట్లు తెలిసిన మనిషి గనుక, టైవిన్‌కు అప్పటికే గుట్టుచప్పుడు కాకుండా విషం పెట్టేశాడు. ఆ విషం పేరు ‘విడోస్ బ్లడ్’. అది పేగులనూ మూత్రాశయాన్నీ బిగదీసి, మనిషిని తన కల్మషంలోనే ముంచి చంపుతుంది. మేనల్లుడు జాఫ్రీ రాజుకు పెళ్లిలో విషం పెట్టాడన్న అభియోగంపై జరిగిన టిరియన్ విచారణలో ముసలి వైద్యుడు పైసెల్ విషాలను వరుసగా ఏకరువు పెడుతూ దీని గుణం వర్ణించాడు. వర్ణించిన విషాన్ని కథలో ఎవరూ వాడలేదు కాబట్టి ఎవరో వాడే ఉండాలి. మీ నాయన కలకాలం బతకకపోవచ్చునని ఓబెరిన్ ఒకసారి అంటే టిరియన్‌కు మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. 2005 నాటి తరువాయి భాగంలో టైవిన్ శవం భరించలేనంత కంపు కొట్టింది. రుజువులు ఇంతటితో సమాప్తం. పైసెల్ ఏకరువు పెట్టిన మిగతా విషాల్లోనూ చాలావాటిని కథలో ఎవరూ తాగలేదు. వాటికి తగిన చావులు వెతికిపెట్టే పని ఇంకా మిగిలే ఉందని ఔత్సాహికులు గమనించగలరు.

ఇంత గంభీరమైన వ్యవహారాన్ని గాలికి వదిలేయడం భావ్యం కాదు కనుక ఏకసభ్య కమిషన్ వేయాలని నా మనవి. బేలర్ మహాలయంలో శవాన్ని దర్శనానికి ఉంచారు. బాలరాజు టామెన్ అప్పుడే కడుపులో తిప్పి బయటికి పరుగెత్తాడు. కమిషన్ వారు ముక్కుకు రుమాలు కట్టుకుని ఆసీనులయ్యారు. మొదటి సాక్షి మరుగుదొడ్డి కడిగే కుర్రవాడు. ప్రభువులవారు లోపల ఎంతసేపు కూర్చునేవారని అడిగితే, తాను లెక్కపెట్టలేదని విన్నవించుకున్నాడు. లోపలి నుంచి మూలుగులు వినిపించేవా అని గద్దించగా, వారు మామూలుగా మాట్లాడినా తమకు అలాగే వినిపించేదని చేతులు కట్టుకుని చెప్పాడు. రెండో సాక్షి వంటవాడు. జాఫ్రీ పెళ్లి విందుకు 77 రకాలు వండి వడ్డించామనీ, అంత తిన్నవాడికి విషం లేకపోయినా కడుపు బిగుస్తుందనీ అతను వాంగ్మూలం ఇచ్చాడు. కమిషన్ దీన్ని అప్రస్తుతమని తోసిపుచ్చింది. పొత్తికడుపులో బాణం దిగి పేగు తెగితే ఏ శవమైనా కంపు కొడుతుందని ఎవరో వెనక వరుసలోంచి అనబోతే, సభామర్యాద తెలియనివాడని బయటికి పంపేశారు. తుది నివేదిక: మృతుడు హత్యకు ముందే మరణావస్థలో ఉన్నందునా, బాణం తగిలిన మరుక్షణం ఆయన పేగులు వదులైనట్టు గ్రంథంలోనే ఉన్నందునా, టిరియన్ చర్యను హత్యగా గాక విరేచన చికిత్సగా పరిగణించవలెను.

ఈ తీరిక ఎక్కడిదో నాకు తెలుసు. ఐదో భాగం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రానే లేదు. విస్తరి వేసి వడ్డన మరిచిపోతే బంతిలో కూర్చున్నవాళ్లు ఆకు ఈనెలు లెక్కపెట్టుకుంటారు. అంతవరకు క్షమించవచ్చు.

క్షమించరానిది ఆ తరువాత వచ్చే మాట. ఓబెరిన్ రాజధానికి వచ్చిన ‘రహస్య ఉద్దేశం’ ఇదేనట. టైవిన్ కొలువులోని మహాకాయుడు గ్రెగర్ క్లెగేన్‌తో చేసిన ద్వంద్వయుద్ధం వట్టి కంటితుడుపట! ప్రమాణకోటి దగ్గర భీముడికి విషం పెట్టిన దుర్యోధనుడి మనసులో ఏముందో నన్నయ దాచలేదు, మనమూ ఈ వెయ్యేళ్లలో తవ్వి చూడలేదు. ఓబెరిన్ మనసులో ఏముందో మార్టిన్ మాత్రం ఎక్కడ దాచాడు? అక్క ఎలియాను గ్రెగర్ చెరిచి చంపాడు. ఆమె పసివాడి తల గోడకేసి కొట్టాడు. మేనకోడలిని మరొకడు కత్తిపోట్లతో తూట్లు పొడిచాడు. ఆ పిల్లల శవాలను టైవిన్ తన సైన్యపు ఎర్రటి అంగీల్లో చుట్టించి కొత్త రాజుకు కానుకలా సమర్పించుకున్నాడు. ఎరుపు మీద నెత్తురు అంతగా కనపడదు కదా. పదిహేనేళ్లకు పైగా ఆ ఊసెత్తే దిక్కు లేదు. ఉద్దేశం దాచుకునేవాడు కూతురికి అక్క పేరే పెట్టుకుని, ఇంటిల్లిపాదీ రోజూ ఆ పేరు పిలిచేలా చేస్తాడా? వెయ్యిమంది చూస్తుండగా, ఈటె విసిరిన ప్రతిసారీ చెరిచావు, చంపావు, పిల్లల్ని చంపావు అని గొంతు చించుకున్నాడు. ఆ ఈటెకు మాంటికోర్ అనే పురుగు విషం పూసి ఉంది. విషమే కావాలంటే పుస్తకంలో అదిగో, పట్టపగలు, దానికి సిద్ధాంతం అక్కర్లేదు. ఆ యుద్ధం అతను గెలిచేశాడు. ఆమె పేరు పలకమని, చేసింది ఒప్పుకోమని పట్టుబట్టి దగ్గరికి వెళ్లినందుకే తల చితికి చచ్చాడు. ఒక్క ఒప్పుకోలు కోసం ప్రాణం వదిలినవాణ్ని తీసుకొచ్చి, గుట్టుగా పేగులు బిగించిపోయిన చాటుమనిషిని చేస్తారా? ఆ పిల్లల గురించి ఒక్క వాక్యం రాయని చేత్తో టైవిన్ విసర్జన మీద అధ్యాయాలు రాస్తారా? సిగ్గుండాలి.

ఐదో భాగంలో, గ్రెగర్‌దని చెప్పి పంపిన పుర్రె డోర్న్‌కు చేరిన తరువాత, ఓబెరిన్‌తో నలుగురు ఆడపిల్లలను కన్న ఎలారియా శాండ్ ఈ పగ ఎక్కడ ఆగుతుందని అడుగుతుంది. రేపు తన పిల్లలు కూడా దీనికే బలి కావాలా అంటుంది. సిద్ధాంతకర్తలు ఈ ఘట్టాన్ని ఉటంకించగా నేనెన్నడూ చూడలేదు. ఆమె మాటల్లో సీసాలు లేవు, కంపు లేదు, క్లూ లేదు.