జార్జియా ముందస్తు ఓట్లు: జాతి లెక్కలు చెప్పిందెంత?

2024 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు, అక్టోబరులో డెమొక్రాట్లకు పట్టుకున్న టెన్షన్ ఒకటే. జార్జియా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో ముందస్తుగా పడుతున్న ఓట్లలో, ఎక్కువగా తమకే వేసే నల్లజాతీయుల వాటా 2020తో పోలిస్తే తగ్గింది. నవంబరు 5న రెండు రాష్ట్రాలూ ట్రంప్‌కే దక్కడంతో, ఆ లెక్కలు ఫలితాన్ని ముందే చెప్పేశాయని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

అసలు ఈ లెక్కలు అమెరికా అంతటా దొరకవు. ఓటరుగా నమోదయ్యేటప్పుడు జాతి అడిగి జాబితాలో రాసుకునేవి ప్రధానంగా కొన్ని దక్షిణాది రాష్ట్రాలే. నల్లజాతీయులను ఓటుకు దూరం పెట్టిన చరిత్ర, దాన్ని అడ్డుకోవడానికి 1965లో వచ్చిన ఓటింగ్ హక్కుల చట్టం దీని వెనుక ఉన్నాయి. జార్జియాలోనూ ఆ గడి నింపకుండా వదిలేసేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లంతా 'తెలియదు' ఖాతాలో పడతారు.

అప్పుడు విశ్లేషకులు చేసే పని ఇంటిపేరు, చిరునామా చూసి జాతిని అంచనా వేయడం. అట్లాంటా శివార్లలోని జాన్స్ క్రీక్, కమ్మింగ్‌లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. పేరు చివర రెడ్డి అనో రావు అనో ఉంటే కంప్యూటర్ ఇట్టే ఆసియన్ అని పట్టేస్తుంది. అదే థామస్ అనో పాల్ అనో ఉన్న తెలుగు క్రైస్తవుడైతే ఏ లెక్కలో తేలతాడో చెప్పలేం. సరిగ్గా పట్టుకున్నా, కొరియన్, వియత్నామీ, తెలుగు ఓటర్లందరినీ ఒకే గాటన కట్టిన ఆ 'ఆసియన్' అంకెతో ఎవరి మనసు తెలుస్తుంది?

ఇక వాటా సంగతి. మొదటిసారి లక్ష ముందస్తు ఓట్లు పడ్డాయని, వాటిలో 30 వేలు నల్లజాతీయులవని అనుకుందాం. నాలుగేళ్ల తర్వాత వాళ్లవి 32 వేలయ్యాయి, మిగతావారివి 70 వేల నుంచి 88 వేలకు ఎగబాకాయి. నల్లజాతీయుల ఓట్లు పెరిగాయి, వాటా మాత్రం 30 నుంచి 27 శాతం కిందికి పడింది. 2024లో వాటా తగ్గడానికి ఒక కారణం కూడా కళ్లముందే ఉంది. 2020లో పోస్టల్ ఓటంటేనే మోసమన్న ట్రంప్, ఈసారి ముందే వెళ్లి ఓటేయమన్నారు. పోలింగ్ రోజున రావాల్సిన రిపబ్లికన్లు చాలామంది రెండు మూడు వారాల ముందే వచ్చేశారు. అందుకే ముందస్తుగా ఎవరు వేశారో చెప్పే ఆ ఓటరు ఫైళ్లలో జాతి కంటే పాత ఓటింగ్ చరిత్ర ఎక్కువ పనికొస్తుంది. 2020లో పోలింగ్ రోజున వేసినవాడు ఈసారి ముందే వేస్తే మారింది తేదీ ఒక్కటే. అప్పుడు అసలు వేయనివాడు వస్తేనే అది కొత్త ఓటు.

ఫలితాలు వచ్చాక తేలింది ఇంకా విచిత్రం. దేశం మొత్తం మీద 2020లో డెమొక్రాట్ల అభ్యర్థి బైడెన్ దాదాపు 4.5 శాతం పాయింట్ల తేడాతో గెలిస్తే, 2024లో వాళ్ల అభ్యర్థి హారిస్ సుమారు 1.5 పాయింట్లతో ఓడారు. అంటే డెమొక్రాట్లు జారింది ఆరు పాయింట్లు. జార్జియాలో ఆ జారుడు రెండున్నర లోపే, నార్త్ కరోలినాలో రెండు లోపే. ఎక్కడి అంకెలు చూసి గుండెలు బాదుకున్నారో, అక్కడే నష్టం తక్కువ! ఓటర్ల జాబితాలో జాతి గడే లేని న్యూజెర్సీలో మాత్రం డెమొక్రాట్ల ఆధిక్యం 16 నుంచి ఆరుకు పడిపోయింది.

ఎవరు ఎంతమంది వచ్చారన్నది ఫైలు చెబుతుంది. లోపలికెళ్లి ఎవరికి వేశారో చెప్పదు. టెక్సాస్ సరిహద్దులోని స్టార్ కౌంటీ జనాభాలో దాదాపు 97 శాతం లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. 2016లో అక్కడ డెమొక్రాట్ల అభ్యర్థి హిల్లరీ క్లింటన్‌కు 60 పాయింట్ల ఆధిక్యం వచ్చింది. 2024లో ట్రంప్ గెలిచారు. 1892 తర్వాత అక్కడ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గెలవడం అదే మొదలు. ఆ కౌంటీలో జాతుల వారీ వాటాలను రోజూ లెక్కగట్టినా రెండు ఎన్నికల మధ్య తేడా పెద్దగా కనిపించేది కాదు.