సవరణ: ‘జీవమరణములు నాలుక వశము’ యాకోబు పత్రికలోది కాదు

మొన్న ఆదివారం మాట తీరు గురించి పెట్టిన పోస్టులో ‘జీవమరణములు నాలుక వశము’ అన్నది బైబిల్లోని యాకోబు పత్రిక 3వ అధ్యాయంలో ఉందని రాశాను. అది తప్పు. ఆ మాట బైబిల్లోనే ఉన్న సామెతలు అనే పుస్తకంలో 18వ అధ్యాయం 21వ వచనంలోది. నల్గొండలో మా ప్రార్థన కూటానికి వచ్చే ఒక పెద్దమ్మ చెబితే, ఇంటికొచ్చి బైబిల్లో రెండూ తీసి చూశాను. ముందే సరిచూసుకోకపోవడం నా పొరపాటు.

యాకోబు 3లో నాలుక గురించి చెప్పిన పోలికలు గుర్రం కళ్లెం, ఓడ చుక్కాని, అడవిని తగలబెట్టే చిన్న నిప్పు. దేవుణ్ణి స్తుతించే నోటితోనే మనిషిని శపించకూడదని 9, 10 వచనాలు చెబుతాయి. నాకు బాగా గుచ్చుకునేది అదే. పాటలు పాడి బయటికొచ్చి, చెప్పులు వేసుకుంటూనే పక్కింటివాళ్ల మీద చాడీలు మొదలుపెడతాం.

జీవమరణములు నాలుక వశమంటే, ‘నోటితో పలికితే జబ్బు పోతుందా’ అని ఇద్దరు అడిగారు. నేను అలా అనలేదు, మందులు మానొద్దు. పాత పోస్టు కూడా దిద్దాను.