పబ్లిక్ ఎంగేజ్‌మెంట్ గారికి గుణుపురం నుంచి ఒక మనవి

పబ్లిక్ ఎంగేజ్‌మెంట్ గారికి,

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువాళ్లం చేసుకునే మనవి ఏమనగా, పరిశోధన గురించి జనంతో మాట్లాడటం తమరి పని కదా, మలేరియా సంగతి చెప్పడానికి తమరు మా ఊళ్లకు వచ్చి క్షేమంగా తిరిగి చేరినట్టు నివేదిక చూసి తెలుసుకున్నాం. ‘అపూర్వ ప్రజా స్పందన’ అని రాశారు. హాజరు పట్టీలో సగం సంతకాలు ఎనిమిదో తరగతి పిల్లలవి. మిగతా సగం బిస్కెట్ పొట్లాల కబురు విని వచ్చినవాళ్లవి. అపూర్వమే, కాదనం.

మీ వంశం గొప్పది. మందుల కంపెనీ యజమాని హెన్రీ వెల్‌కమ్ 1936 జూలైలో పోతూ, కంపెనీని ధర్మకర్తల చేతిలో పెట్టి, లాభం వైద్య పరిశోధనకు ఖర్చవ్వాలని వీలునామా రాశాడు. అదే ఏడు ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. అంటే వెల్‌కమ్ ట్రస్టుకీ, మేం గట్టుకి ఇవతల పడిపోవడానికీ వయసు ఒకటే. ఆ ట్రస్టు 2007లో లండన్ యూస్టన్ రోడ్డులో టికెట్టు లేకుండా చూసే మ్యూజియం తెరిచింది. 2008లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖతో కలిసి మొదలుపెట్టిన, పరిశోధనలకు డబ్బిచ్చే ఇండియా అలయన్స్ హైదరాబాద్‌లోనే ఉంది. జనంతో మాట్లాడటం కూడా పరిశోధనలో భాగమేనని ఇలాంటి చోట్ల నమ్మి డబ్బు పెడతారు. ఆ పెద్దిళ్ల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. దారిలో తమరికి అంటుకున్న అలవాట్ల మీదే.

ముందుగా తమ ఫ్లెక్సీ సంగతి. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల ఎత్తు. మధ్యలో కాళ్ల నిండా తెల్ల చారలున్న దోమ, దాని కింద మురికి కాలువ, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు. పైన ‘మలేరియాను తరిమికొడదాం’. ఆ చారల దోమ ఏడిస్ అండీ. అది డెంగీ దోమ, పగలు కుడుతుంది. మా కొండల్లో మలేరియా మోసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమకి మురికి కాలువ అక్కర్లేదు. గెడ్డ, అంటే కొండవాగు, దాని అంచున, గడ్డి వంగిన చోట, మెల్లగా పారే తేట నీళ్లు చాలు. కుట్టేది రాత్రి. ఫ్లెక్సీ చూసి ఊరంతా కొబ్బరి చిప్పలు ఏరింది, గెడ్డ జోలికి ఎవరూ పోలేదు. ఫ్లెక్సీని మటుకు పారేయలేదు, పశువుల శాల మీద కప్పారు. ఆ ఖర్చు వృథా కాలేదని రాసుకోవచ్చు.

ఏది ఏ దోమో చూపడానికి ప్రొజెక్టరు కూడా అక్కర్లేదు. ఒక తెల్ల గిన్నె, పొడుగు కాడ గరిటె, పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం. గెడ్డ అంచున మీ నీడ నీళ్ల మీద పడకుండా నిలబడండి. పడితే నీళ్లలోని దోమ పిల్లపురుగులు కిందికి దిగిపోతాయి. గరిటెను వాలుగా దించి, పైపై నీళ్లు తీసి గిన్నెలో పోసి రెండు నిమిషాలు ఆగండి. నీటి మట్టానికి సమాంతరంగా పడుకున్నది అనాఫిలిస్ పిల్ల. తోక చివర గొట్టం పైకి పెట్టి తలకిందులుగా వేలాడేది క్యూలెక్స్‌దో ఏడిస్‌దో. ఈ తేడా పిల్లలకు ఒక్కసారి చూపితే చాలు, మర్నాటి నుంచి వాళ్లే మీకు పాఠం చెబుతారు. కాకపోతే ఇందులో వేదిక ఉండదు, శాలువా ఉండదు.

ఇక రక్తం. మైకులో ‘ఒక్క చుక్కే’ అంటారు. మలేరియా ఉందో లేదో అక్కడికక్కడే చూసే కిట్టు పరీక్షకి అది నిజమే, అయిదు మైక్రోలీటర్లు, చుక్కలో పదో వంతు. కానీ పరిశోధన వాళ్లు వెనకాలే వచ్చి ఊదా మూత గొట్టంలో రెండు మిల్లీలీటర్లు తీస్తారు. అది కిట్టుకి తీసినదానికి నాలుగు వందల రెట్లు. చుక్క అని చెప్పి గొట్టం నింపితే, రక్తం అమ్ముకుంటున్నారన్న పుకారు పుట్టక ఏమవుతుంది? రెండు మిల్లీలీటర్లని ముందే చెప్పండి. అర చెంచాడు కూడా కాదని, పెద్దవాళ్ల ఒంట్లో సుమారు అయిదు లీటర్లుంటుందని చెప్పండి. గొట్టం ఏ ఊరు వెళ్తుంది, ఎన్నాళ్లు ఫ్రీజర్‌లో ఉంటుంది, పని అయ్యాక ఏం చేస్తారు? ఈ మూడూ ఫారం నాలుగో పేజీలో ఇంగ్లీషులో ఉన్నాయట. వేలిముద్ర మొదటి పేజీ మీదే పడుతుంది మరి.

‘జ్వరం లేనివాడి రక్తం ఎందుకు?’ ఇది ప్రతి ఊళ్లోనూ వచ్చే ప్రశ్న, చాలా మంచి ప్రశ్న. తమరు ‘ప్రశ్నలు చివర్లో’ అని దాన్ని భోజనాల వేళకి తోసేస్తారు. పదేపదే మలేరియా వచ్చిన ఒంటికి కొంత ఓర్పు వస్తుంది. పరాన్నజీవి రక్తంలో ఉన్నా జ్వరం రాదు, కానీ కుట్టిన దోమకి అంటుతుంది. అందుకే ఒడిశా 2017లో మొదలుపెట్టిన దమన్ కార్యక్రమంలో, దారి సరిగా లేని ఊళ్లలో జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్ష చేశారు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ముఖ్య అతిథి సన్మానానికి ఎంత పడుతుందో తమకు తెలుసు.

ఇంకో చిక్కు. ఫాల్సిపరమ్ రకం మలేరియాని పట్టే కిట్టు హెచ్ఆర్‌పి-2 అనే ప్రోటీన్‌ని చూస్తుంది. రోగం నయమైనా అది కొన్ని వారాలు రక్తంలో ఉండిపోతుంది. మాత్రలు పూర్తిగా మింగినవాడికి కిట్టు మీద మళ్లీ గీత కనపడితే ‘మందు పనిచేయలేదు’ అని సంతలో టముకు. ఇది ముందే చెప్పవలసిన మాట. పద్నాలుగు రోజుల మాత్రల గొడవా ఇలాంటిదే. ఫాల్సిపరమ్ అయితే ప్రైమాక్విన్ మాత్ర ఒక్కసారి, వైవాక్స్ అనే ఇంకో రకం అయితే పద్నాలుగు రోజులు, ఎందుకంటే వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత లేస్తుంది. ఆ సంగతి తెలియనివాడు ‘పక్కింటోడికి ఒక్క పూట, నాకు రెండు వారాలా?’ అని మూడో రోజు జ్వరం దిగగానే మానేస్తాడు. తప్పు వాడిదని రాసేస్తారు, ‘అవగాహనా లోపం’ అని.

ఏటా ఆగస్టు 20న తమరు కేకు కోస్తారు. 1897లో ఆ రోజే రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలకి రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్‌కి కుట్టిన దోమకి అణా చొప్పున ఇచ్చాడు. నూట పాతికేళ్లు దాటింది. అణా రేటు బిస్కెట్ పొట్లం దగ్గరే ఆగింది.

భాష గురించి ఎక్కువ చెప్పం. ఈ కొండల్లోని గిరిజనులు సవరలకి చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఆయన తిరిగిన పర్లాకిమిడి చుట్టుపక్కలే, ఇంగ్లీషు స్లైడుని ఒడియాలో చదివి, తెలుగువాళ్లూ సవరలూ తలూపుతుంటే ‘అర్థమైంది’ అని గడి నింపుతున్నారు తమరు.

కోరేది ఒకటే. బడ్జెట్టులో శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోగ్రాఫరు అని ఉన్న చోట ‘తిరుగు ప్రయాణం’ అని ఒక పద్దు పెట్టండి. రక్తం తీసుకున్న ఊరికే, ఆరు నెలలకి, మైకు లేకుండా రండి. వరి కోతలప్పుడు వద్దు, సంత రోజు వద్దు, పొద్దుగూకాక. ఊరి ఆశా కార్యకర్తని పక్కన కూర్చోబెట్టుకోండి, ఆమెకి ఆ పూట కూలి ఇవ్వండి. ఇన్ని రక్తాలు చూశాం, ఇన్నిట్లో పరాన్నజీవి ఉంది, ఇది మాకు తేలింది, ఇది తేలలేదు అని చెప్పండి. ఎవరి ఫలితం వాళ్ల చెవిలోనే, పేర్లు పైకి చదవకుండా. హాజరు తక్కువ వస్తుంది. నివేదికలో బాగా కనపడదు, నిజమే.

ఈ ఉత్తరాన్ని ‘ప్రజల నుంచి అందిన స్పందన’ కింద ఒకటిగా లెక్కేసుకోవచ్చు. ఫొటో జతచేయలేదు.

ఇట్లు,
హాజరు పట్టీలో సంతకం చేసినవాళ్లం