సవరణ: సమాచార హక్కు దరఖాస్తు సంఘం పేరుతో కాదు, మనిషి పేరుతో

ప్రభుత్వ పనుల మీద పౌర సంఘాల నిఘా గురించిన పాత పోస్టులో రెండు మార్పులు.

‘సంస్థ లెటర్‌హెడ్ మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు’ అన్న వాక్యం తీసేశాం. 2005 చట్టం 3వ సెక్షన్ ఈ హక్కును ఇచ్చింది పౌరులకే, సంఘాలకు కాదు. ‘అధ్యక్షుడు, ఫలానా సంఘం’ అని మాత్రమే సంతకం పెడితే తిప్పి పంపడానికి అధికారికి సాకు దొరికినట్టే. సొంత పేరు రాసి, దాని కింద హోదా రాస్తే ఇబ్బంది లేదు. కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. అయితే ‘రోడ్డు ఎందుకు పాడైంది?’ అని అడిగితే పని జరగదు. ఆ పని అంచనా ప్రతి, ఎం.బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లుల నకళ్లు అడగండి. కాగితం ఉండి, అది చట్టంలోని మినహాయింపుల కిందికి రాకపోతే ఇచ్చి తీరాలి.

రెండోది, 30 రోజుల్లో జవాబు రాకపోతే నేరుగా సమాచార కమిషన్‌కు ఫిర్యాదు చేయమన్న సలహాను మార్చాం. 18వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయొచ్చు, అధికారికి జరిమానా కూడా పడొచ్చు, కానీ కాగితాలు మాత్రం చేతికి రావు. ఆ సెక్షన్ కింద సమాచారం ఇమ్మని ఆదేశించే అధికారం కమిషన్ కు లేదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. కాగితాలే కావాలంటే గడువు ముగిశాక 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా పని కాకపోతే కమిషన్ దగ్గర రెండో అప్పీలుకు 90 రోజులు ఉంటాయి.

అన్నట్టు, ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు అందుకునే స్వచ్ఛంద సంస్థలూ ఈ చట్టం కిందికి వస్తాయని 2019లో అదే కోర్టు చెప్పింది. అడిగేవాళ్లు తమ లెక్కలూ సిద్ధంగా పెట్టుకోవాలి.