ముందు పైకి వెళ్ళింది మేమే

ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీలన్నీ ఒక్క విషయంలో మాత్రం ఏకమాట మీద ఉంటాయి. ఆలస్యం మానవాళికి శత్రువు. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున కూర్చున్న పాతకాలపు ఉపగ్రహం మీదుగా ప్రశ్న వెళ్ళి జవాబు రావాలంటే అర సెకను దాటుతుంది. ఇది నాగరికులకు తగిన వేగం కాదు కనుక తాము కిందికి దిగి, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతున్నామని, ఇక్కడ ఆ పని పదుల మిల్లీసెకన్లలో ముగుస్తుందని కంపెనీలు ప్రకటిస్తాయి. నేను నమ్ముతాను. కాంతి వేగం ఎవరి పక్షమూ వహించదు.

ఇదే కంపెనీ పక్క కంపెనీని "మీ రేడియో కిరణం మా కిరణానికి అడ్డొస్తోంది, కాస్త పక్కకు జరుగుతారా" అని అడగవలసి వస్తే మాత్రం ఉపగ్రహాన్ని వాడదు. న్యాయవాదిని పిలుస్తుంది. ఆయన ఉత్తరం రాస్తాడు. అది కూడా పక్క కంపెనీకి కాదు, అమెరికాలో ఈ వ్యవహారాలు చూసే ఎఫ్‌సీసీకి. పక్క కంపెనీ ఆ ఉత్తరాన్ని అక్కడే చదువుకొని, తన న్యాయవాది చేత జవాబు రాయిస్తుంది. జవాబు వెనక రంగురంగుల గ్రాఫులు ఉంటాయి. గ్రాఫులకు ప్రతిగ్రాఫులు వస్తాయి. ఇలా నెలలు గడుస్తాయి, ఏళ్ళు కూడా గడుస్తాయి. ఈ దారిలో జరిగే ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లో ఏ ప్రకటనలోనూ అచ్చు వేయరు.

ఈ ఏర్పాటును చూసి నవ్వేవారు చాలామంది ఉన్నారు. నేను దీన్ని సమర్థించడానికే కలం పట్టాను.

ముందుగా నేరం ఎలా జరుగుతుందో చూద్దాం. ఇంటి కప్పు మీది డిష్ ఒక ఉపగ్రహం వైపు చూస్తూ ఉంటుంది. అదే గీత మీదికి, వెనకనో ముందో, మరో కంపెనీ ఉపగ్రహం వస్తుంది. స్టార్‌లింక్ మొదటి తరం ఉపగ్రహాలు ఎక్కువగా 2025 దాకా 540 నుంచి 570 కిలోమీటర్ల ఎత్తున తిరిగాయి; అమెజాన్‌వి 590 నుంచి 630 మధ్య, వన్‌వెబ్‌వి 1,200 దగ్గర తిరుగుతాయి కనుక ఒకదానికొకటి తగలవు. చూపు మాత్రం కలుస్తుంది. ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుంటే డిష్‌కు రెండు గొంతులు కలిసి వినిపిస్తాయి. స్టార్‌లింక్, వన్‌వెబ్ రెండూ ఇళ్ళకు డేటా దించేది 10.7 నుంచి 12.7 గిగాహెర్ట్జ్ మధ్య ఉన్న కేయూ బ్యాండులోనే. ఇంజనీర్లు దీన్ని ఇన్‌లైన్ ఘటన అంటారు. 'ఘటన' అన్న మాటలోనే పోలీసు దర్యాప్తు ధ్వనిస్తుంది గానీ, ఉపగ్రహాలు సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి కనుక అది ఎంతోసేపు నిలవదు.

పరిష్కారాలూ అరుదైనవేమీ కావు. డిష్ చూపు మరో ఉపగ్రహం మీదికి తిప్పవచ్చు. పైన వేల ఉపగ్రహాలు ఉన్నాయి, కొరత లేదు. వేరే ఛానెల్‌కు మారవచ్చు. ఒకరు కుడి పోలరైజేషన్ (తరంగం మెలితిరిగే దిశ), మరొకరు ఎడమ పోలరైజేషన్ వాడుకోవచ్చు. శక్తి తగ్గించవచ్చు. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ రెప్పపాటులో చేసే పనులు. ఎదుటివాడి కిరణం ఈ క్షణాన భూమి మీద ఏ చోట, ఏ ఛానెల్‌లో పడుతోందో తెలిస్తే చాలు.

చిక్కంతా అక్కడే ఉంది. ఉపగ్రహం ఎక్కడుందో లోకమంతటికీ తెలుసు, కక్ష్యల లెక్కలు బహిరంగంగానే దొరుకుతాయి. కిరణం ఎక్కడ పడుతోందన్నది మాత్రం వ్యాపార రహస్యం. అది చెబితే ఖాతాదారులు ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో పోటీదారు పసిగడతాడట. ఆకాశం నుంచి నేల మీదికి, యాంటెన్నా ఉన్న ఎవరికైనా వినబడేట్టు, రాత్రింబవళ్ళు కుమ్మరిస్తున్న ఈ రహస్యాన్ని కాపాడటం సామాన్యమైన పని కాదు. కాపాడుతున్న వారి దీక్షకు నమస్కరించాలి.

మాటలు కుదరకపోతే ఏం చేయాలో ఎఫ్‌సీసీ 2017లోనే రాసిపెట్టింది. అవతలివారి ప్రసారం వల్ల రిసీవరులో రొద స్థాయి 6 శాతం మించి పెరిగితే, ఆ ఘటన ఉన్నంతసేపు స్పెక్ట్రాన్ని, అంటే వాడుకునే ఫ్రీక్వెన్సీలను, సమాన భాగాలు చేసి పంచుకోవాలి. ఇద్దరుంటే చెరి సగం, ముగ్గురుంటే మూడో వంతు. ఏ భాగం ఎవరు ముందు ఎంచుకోవాలి? ఎవరి ఉపగ్రహం ముందు పైకి వెళ్ళి పనికి సిద్ధమైతే వారు. వేల సంవత్సరాలుగా తత్త్వవేత్తలు న్యాయమంటే ఏమిటని బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. రాకెట్టు ఎవరిది ముందు లేస్తే వారిదే మొదటి వంతు అని ఒక్క వాక్యంలో తేల్చవచ్చని వారికి తట్టలేదు.

ఈ నియమంలో ఉన్న అసలు అందం, దాన్ని ఎవరూ కోరుకోకపోవడం. సగం స్పెక్ట్రం పోతుందంటే ఎవరైనా చర్చలకు వస్తారు. చర్చలకు రప్పించడానికే నియమం పెట్టారని అధికారులు దాచుకోకుండా చెబుతారు. అయితే బెదిరింపు పనిచేయాలంటే ఇద్దరూ సమానంగా భయపడాలి. ముందు పైకి వెళ్ళినవాడికి, వెనక వచ్చేవాడికి అంత భయం సమంగా ఉండదు కదా.

ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. రేడియో ఇంజనీరు చేతికి ఈ సామెత ఇస్తే రిసీవర్లకూ కొమ్ము ఆకారపు హార్న్ యాంటెన్నాలకూ మధ్య ప్రాధాన్యం గురించి రాసిన నిబంధన అనుకుంటాడు. ఎఫ్‌సీసీ దీన్ని తలకిందులు చేసి 2023లో చట్టబద్ధం చేసింది. దరఖాస్తులను విడతలుగా తీసుకుంటారు, ముందు విడతవారిని తరువాతి విడతవారు కాపాడాలి, ఆ పెద్దరికం పదేళ్ళకు కరిగిపోతుంది. కాపాడటమంటే ఎంత? అది తేలడానికి 2024 దాకా పట్టింది. సగటు వేగంలో 3 శాతం నష్టం, లింకు అందుబాటులో 0.4 శాతం తేడా. ఇంతవరకు ఓర్చుకోవాలి, మించితే అన్యాయం. నా మిత్రుల్లో ఇన్ని దశాంశాల దాకా సహనాన్ని కొలిచి చెప్పినవారు లేరు.

ఇక్కడో విశేషం ఉంది. స్టార్‌లింక్ మొదటి తరం 2016 విడతలో ఉంది, రెండో తరం 2020 విడతలో ఉంది. అంటే ఒకే కంపెనీ ఒక ఫైలులో పెద్దన్న, మరో ఫైలులో చిన్న తమ్ముడు. పొద్దున రాసే ఉత్తరంలో ముందు వచ్చినవారి హక్కు పవిత్రమని చెప్పాలి, మధ్యాహ్నం రాసే ఉత్తరంలో కొత్తవారిని అణగదొక్కితే పోటీ చచ్చిపోతుందని వాపోవాలి. రెండు ఉత్తరాలకూ ఒకే న్యాయవాది సంతకం పెడితే ఆయన చేతిరాత మారకుండా ఉండటమే ఒక ఇంజనీరింగ్ అద్భుతం.

అయినా సయోధ్య అసాధ్యమని ఎవరన్నారు? 2022 వృత్తాంతం చూడండి. స్టార్‌లింక్ యజమాని స్పేస్‌ఎక్స్, వన్‌వెబ్ ఏళ్ళ తరబడి ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చేసుకున్నాయి. అవతలివారి కొత్త ఉపగ్రహాలు వస్తే తమ సేవ ఏమవుతుందో చెప్పే సాంకేతిక వాదనలతో ఫైళ్ళు నిండాయి. ఆ ఏడాది జూన్‌లో ఇద్దరూ కలిసి ఎఫ్‌సీసీకి ఒక చిన్న ఉత్తరం రాశారు. మేము రాజీపడ్డాం, రెండో విడత దరఖాస్తుల మీద ఇంతకు ముందు ఒకరిపై ఒకరం రాసినవి పరిగణించవద్దు అని దాని సారాంశం.

ఆ వాదనలన్నిటిలో ఉన్న భౌతికశాస్త్రం ఏమైపోయింది? తరంగాల నడకను చెప్పే మ్యాక్స్‌వెల్ సమీకరణాలు కూడా ఆ రాజీలో సంతకం చేశాయా? వినయంగా అడుగుతున్నాను. అదే ఏడాది మార్చిలో వన్‌వెబ్‌కు రష్యా సోయుజ్ రాకెట్లు అందకుండా పోయాయి. కొన్ని రోజుల్లోనే అది తన ఉపగ్రహాల ప్రయోగానికి స్పేస్‌ఎక్స్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. మూడు నెలలకు తరంగాల మధ్య కూడా శాంతి నెలకొంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనను. నెలలు మాత్రం వరుసగా చెబుతున్నాను. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో అమెజాన్ కూడా తన ఉపగ్రహాల కోసం స్పేస్‌ఎక్స్ రాకెట్లు కొన్ని మాట్లాడుకుంది. రేడియోలో శత్రువు, రాకెట్టు దగ్గర ఖాతాదారు. అతిథి మర్యాదలకు ఏ లోటూ రాదనే ఆశిద్దాం.

ఇదంతా ఈడువారి మధ్య తగవు. పెద్దలు వేరే ఉన్నారు. భూమధ్యరేఖకు పైన 36 వేల కిలోమీటర్ల దగ్గర కదలకుండా కనిపించే భూస్థిర ఉపగ్రహాల వారు. వారి వైపు కింది ఉపగ్రహాలు ఎంత శక్తి చిమ్మవచ్చో చెప్పే ఈపీఎఫ్‌డీ పరిమితులను 2000లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఖరారు చేసింది. అందుకే భూమధ్యరేఖ దాటేటప్పుడు వన్‌వెబ్ ఉపగ్రహం ఒళ్ళు వంచుకుని పోతుంది, పెద్దల గీతలో తన కిరణం పడకుండా. ఈ పరిమితులు పాతబడ్డాయని, వీటివల్ల ప్రజలకు అందాల్సిన వేగం ఆగిపోతోందని స్పేస్‌ఎక్స్ అంటుంది. పాతవి కాదు, మా ప్రాణాలు నిలుపుతున్నవి అని భూస్థిరులు అంటారు.

2023లో దుబాయ్ సదస్సు ముందుకు ఇది వచ్చింది. హోరాహోరీ చర్చల తరువాత దేశాలన్నీ ఒక నిర్ణయానికి వచ్చాయి. ఈ పరిమితుల మీద సాంకేతిక అధ్యయనం చేయవచ్చు, ఫలితాలను 2027లో షాంఘైలో జరిగే సదస్సుకు నివేదించవచ్చు, అయితే ఆ అధ్యయనం వల్ల నియమాల్లో ఏ పర్యవసానమూ ఉండకూడదు. చదువుకోండి, ఫలితం మాత్రం ఆశించకండి అన్నమాట. ఇంత నిష్కామమైన తీర్మానం ఒక అంతర్జాతీయ సదస్సులో ఆమోదం పొందిందంటే చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది. అమెరికాకు మాత్రం అంత వైరాగ్యం పట్టలేదు. 2025లో సొంతంగా ఈ పరిమితుల సమీక్ష మొదలుపెట్టింది.

క్యూ ఉన్నచోట రుమాలు వేసి సీటు ఆపుకునేవారు ఉంటారు. జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దగ్గర ఫ్రీక్వెన్సీలకు దాఖలు చేసేవి దేశాలు. ముందు తేదీ పడిన దాఖలుకు తరువాతివారు సర్దుకోవాలి. 1988 తరువాత చిన్న దేశం టోంగా ఒక్కసారిగా 16 భూస్థిర స్థానాలు అడిగి, చివరికి ఆరింటితో సరిపెట్టుకుంది. 2021లో రువాండా పేరుతో 3 లక్షల 27 వేలకు పైగా ఉపగ్రహాలకు కాగితాలు దాఖలయ్యాయి. వాటిలో ఒక్కటీ ఇంకెవరికీ అంతరాయం కలిగించలేదు. ఇంతకన్నా మర్యాదగా నడుచుకునే ఉపగ్రహ సమూహం మరొకటి లేదు. ఇలాంటి కాగితపు నౌకాదళాలు పెరుగుతున్నాయని గ్రహించి, 2019 సదస్సు గడువులు పెట్టింది. ఏడేళ్ళ దాఖలు కాలం ముగిశాక రెండేళ్ళలో 10 శాతం, ఐదేళ్ళలో సగం, ఏడేళ్ళలో మొత్తం పైన ఉండాలి. రుమాలు వేసినవారు ఎప్పటికైనా వచ్చి కూర్చోవాలని దీని భావం.

ఈ సందడిలో ఏమీ ప్రసారం చేయనివారు కొందరున్నారు. రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు. వారు వింటారు, అంతే. వారికని కాపాడి ఉంచిన 10.6 నుంచి 10.7 గిగాహెర్ట్జ్ పట్టీ ముగిసినచోటే ఇంటర్నెట్ దించుడు మొదలవుతుంది. ఇది చాలదన్నట్టు, స్టార్‌లింక్ ఉపగ్రహాల లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి అనుకోకుండా లీకయ్యే తరంగాలను యూరప్‌లోని లోఫార్ టెలిస్కోపు 2023లో పట్టుకుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టలేనివారితో రాజీ పడవలసిన అవసరం ఎవరికీ ఉండదు. వెనక్కి ఇవ్వడానికి వారి దగ్గర అంతరాయమే లేదు.

సమర్థకుడిగా నా వంతు ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. ఉత్తరాలను రద్దు చేయనక్కరలేదు. వాటిని పంపే దారి మాత్రం మార్చాలి. సమన్వయ చర్చలన్నీ, ఫిర్యాదులతో, గ్రాఫులతో సహా, తప్పనిసరిగా ఎదుటి కంపెనీ ఉపగ్రహాల మీదుగానే జరగాలి. స్పేస్‌ఎక్స్ న్యాయవాది అమెజాన్ డిష్‌తో, అమెజాన్ న్యాయవాది స్టార్‌లింక్ డిష్‌తో మాట్లాడాలి. ఎదుటివారి సేవ నాసిరకమని రాసిన ఉత్తరం ఆ సేవ మీదే క్షేమంగా చేరితే వాదన వీగిపోయినట్టు. చేరకపోతే గెలిచినట్టు గానీ, గెలిచిన సంగతి ఎవరికీ తెలియదు. మధ్యలో అంతరాయం వస్తే ఎవరి వల్ల వచ్చిందో అక్కడికక్కడే తేల్చడానికి రెండు డిష్‌లూ ఒకే కప్పు మీద, పక్కపక్కనే బిగించాలి.

ఏ డిష్‌కు కప్పు మీద మంచి మూల దక్కాలన్నది ఇంకా తేలలేదు. ముందు నిచ్చెన ఎక్కినవారిదే అని ఒక పక్షం ఇప్పటికే రాసింది. నిచ్చెన తెచ్చింది ఎవరన్న దాని మీద రెండో పక్షం జవాబు తయారవుతోంది.