సంధ్యాకాశంలో వెలుగు చార: వివరణ ముందే ప్రజలకు అందాలి

2022 డిసెంబరు 15 సాయంత్రం ఐదున్నర దాటాక, కోల్‌కతాతో పాటు పశ్చిమ బెంగాల్ జిల్లాల్లోనూ ఒడిశాలోనూ వీధుల్లో ఉన్నవారు తలలెత్తి ఆకాశంలో ఒక తెల్లని వెలుగు చారను చూశారు. అది పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ, కాసేపు నిలిచి, మెల్లగా కరిగిపోయింది. ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి అగ్ని-5 క్షిపణిని ప్రయోగించారన్న వార్త ఆ రాత్రి వచ్చింది. ఈలోగా ఉల్క అన్నవారున్నారు, గ్రహాంతరవాసుల నౌక అన్నవారున్నారు, ఆ మాటలు ఫోన్ నుంచి ఫోన్‌కు పాకిపోయాయి. ఆ వెలుగులో అంతుబట్టనిది ఏమీ లేదు. ప్రజల్ని అంతసేపు ఊహలకు వదిలేయడమే సమర్థించుకోలేని విషయం.

ఇలాంటి దృశ్యాలు చాలావరకు అసురసంధ్య వేళలోనో తెల్లవారుజామునో కనిపించడానికి కారణముంది. గుడి ప్రాంగణమంతా నీడ కమ్ముకున్నాక కూడా గాలిగోపురం కలశాల మీద కాసేపు ఎండ మెరుస్తూనే ఉంటుంది. సూర్యుడు అస్తమించాక భూమి నీడ కూడా అలాగే నేల నుంచి మెల్లగా పైకి లేస్తుంది. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేసరికి మన నడినెత్తిన ఆ నీడ సుమారు 35 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. 12 డిగ్రీలు దిగేసరికి 140 కిలోమీటర్లు, 18 డిగ్రీలు దిగేసరికి దాదాపు 330 కిలోమీటర్లు. ఆ ఎత్తుకు పైనున్నదంతా ఇంకా పట్టపగటి ఎండలోనే ఉంటుంది. కోల్‌కతాలో డిసెంబరు మధ్యలో సూర్యుడు ఐదు గంటలకు కొద్దిగా ముందే అస్తమిస్తాడు కాబట్టి, అగ్ని-5 పైకి లేచిన సమయానికి నేల మీద చీకటి పడింది, సుమారు వంద కిలోమీటర్ల పైన మాత్రం ఎండ కాస్తూనే ఉంది. క్షిపణి పోయింది ఆ ఎండలోకే. మిట్టమధ్యాహ్నం అదే పొగ నీలాకాశంలో కలిసిపోయేది, అర్ధరాత్రి అయితే మంట తప్ప పొగ కనిపించేది కాదు. చూసేవాడు చీకట్లో, పొగ వెలుగులో ఉండే అవకాశం రోజు మొత్తంలో ఆ రెండు చిన్న వ్యవధుల్లోనే దొరుకుతుంది.

ఆకారం సంగతి కూడా అంతే స్పష్టం. అగ్ని-5 మూడు దశల ఘన ఇంధన క్షిపణి. ఘన ఇంధనంలో కలిపే అల్యూమినియం పొడి మండినప్పుడు అతి సన్నని ఆక్సైడ్ రేణువులు వెలువడి ఎండను చెదరగొడతాయి. కింద గాలి ఒత్తిడి పొగను సన్నని దారంగా బిగించి ఉంచుతుంది. పైన గాలి దాదాపు లేదు కాబట్టి పొగ అన్ని వైపులకూ ఒక్కసారిగా విప్పారుతుంది. ఒక్కో ఎత్తులో గాలులు ఒక్కో దిక్కుకు వీస్తాయి, అందుకే కాసేపటికి చార వంకరలు తిరుగుతుంది. 2009 డిసెంబరు 9న ఉత్తర నార్వేలో తెల్లవారుతుండగా కనిపించిన మహా సర్పిలం (సుడిలా చుట్టుకున్న వెలుగు) కూడా ఈ కోవలోదే. శ్వేత సముద్రంలోని జలాంతర్గామి నుంచి రష్యా ప్రయోగించిన బులావా క్షిపణి మూడో దశ విఫలమై గిరగిరా తిరుగుతూ చిమ్మిన పొగ అది.

చూసిన ప్రతి వెలుగునూ రాకెట్ అనేయడమూ తప్పే, అయితే గుర్తించడం కష్టం కాదు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పోయే విమానం వెనుక చార సూర్యాస్తమయం తర్వాత పావుగంటలోపే నారింజ రంగులో వెలిగి ఆరిపోతుంది. వరుసకట్టి నిశ్శబ్దంగా సాగే చుక్కలు స్పేస్‌ఎక్స్ సంస్థ ఇంటర్నెట్ కోసం పంపే స్టార్‌లింక్ ఉపగ్రహాలు. మెల్లగా ముక్కలవుతూ అడ్డంగా సాగే మంటలు తిరిగి వాతావరణంలోకి పడుతున్న రాకెట్ శకలాలు. 2022 ఏప్రిల్ 2న ఇలాంటి మంటలు మహారాష్ట్ర ఆకాశాన సాగిపోగా, మన ఆసిఫాబాద్‌కు పొరుగునున్న చంద్రపూర్ జిల్లాలో ఒక పెద్ద లోహపు వలయం ఊరి దగ్గర పడింది. సమయం, దిశ, వేగం అనే మూడు సంగతులు గమనిస్తే సామాన్యుడు కూడా చాలావరకు తేల్చగలడు. ఆ రోజు ఏ ప్రయోగం జరిగిందన్న నాలుగో సంగతిని మాత్రం ప్రభుత్వమే చెప్పాలి.

క్షిపణి పరీక్షలు దేశ రక్షణకు సంబంధించినవి కాబట్టి ముందే చాటడం కుదరదన్నది ఇక్కడ వినిపించే అభ్యంతరం. క్షిపణి సామర్థ్యం, గమనం, బరువు రహస్యంగా ఉంచవలసినవే. అయితే ప్రయోగానికి ముందే విమానాలకూ నౌకలకూ ఫలానా తేదీల్లో బంగాళాఖాతంలోని ఫలానా ప్రాంతానికి రావద్దని హెచ్చరిక జారీ చేయక తప్పదు. ఆ హెచ్చరికను ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు. క్షిపణుల, ఉపగ్రహాల గమనాన్ని కనిపెట్టే చైనా ట్రాకింగ్ నౌక యువాన్ వాంగ్-5 ఆ ఏడాది ఆగస్టులోనే శ్రీలంకలోని హంబన్‌టోటలో లంగరు వేసింది. పరాయి నౌకాదళాలకు అందుబాటులో ఉన్న సమాచారం సొంత పౌరుడికి అందనప్పుడు దానిని రహస్య పాలన అనలేం, అది నిర్లక్ష్యమే. పోనీ ముందుగా చెప్పకపోయినా, క్షిపణి లేచిన పది నిమిషాలకు ‘మీరు చూస్తున్నది మన ప్రయోగమే’ అని ఒక్క వాక్యం చెప్పడం వల్ల పోయే రహస్యం ఏముంటుంది? 2017 డిసెంబరు 22న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి స్పేస్‌ఎక్స్ రాకెట్ సాయంత్రం 5.27కు ఎగిరినప్పుడు లాస్ ఏంజెలెస్ నగరమంతా కలవరపడింది. అది రాకెట్ ప్రయోగమేనని ప్రజలకు తెలియజేయడానికి ఆ నగర అగ్నిమాపక శాఖ వెంటనే ముందుకొచ్చింది.

మంచి ఆనవాయితీ కోసం అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్) బెలూన్ కేంద్రం 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పరిశోధన బెలూన్లను పంపే ప్రతి కాలంలోనూ పరికరాలు ఏ జిల్లాల్లో దిగవచ్చో, కనబడితే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో ప్రకటిస్తుంది. ఆ ప్రకటన గ్రామ పంచాయతీ దాకా చేరడం ఎంత అవసరమో 2022 డిసెంబరు 7న తెలిసింది. వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఒక స్పానిష్ సంస్థ పరీక్షకు బెలూన్‌తో ఎగరేసిన గుమ్మటం లాంటి యంత్రం పొలాల్లో దిగితే జనం వింత వస్తువని గుమిగూడారు. ఆ కలవరానికీ బెంగాల్ కలవరానికీ మధ్య ఎనిమిది రోజులే తేడా.

దీనిని నేను కేవలం సమాచార లోపంగా చూడను. విజ్ఞానం ప్రజల డబ్బుతో నడుస్తూ ప్రజల భాషలోకి రాకపోవడం మన పాత జబ్బు. లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి అంతర్జాతీయ పట్టికకు అందించిన నిజామియా వేధశాల హైదరాబాద్‌ది. దేశపు ప్రధాన రాకెట్ కేంద్రం తిరుపతి జిల్లాలో ఉంది. అయినా మన పిల్లవాడు ఆకాశంలో వెలుగును చూసి కారణం అడిగితే తెలుగులో సాధికారికంగా జవాబిచ్చే వ్యవస్థ లేదు. ఆ ఖాళీలోకే మాయమాటలు, ప్రళయ జోస్యాలు, వ్యూస్ కోసం అల్లిన కథలు దూరుతున్నాయి.

శ్రీహరికోట నుంచి 2022 ఫిబ్రవరి 14న పీఎస్‌ఎల్‌వీ ఉదయం 5.59కీ, 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ 6.23కీ లేచాయి. రెండూ సూర్యోదయానికి ముందువే. ఇస్రో తన ప్రయోగాల సమయాన్ని ముందే చెబుతోంది, ప్రత్యక్ష ప్రసారమూ చేస్తోంది. ఇక దానికి చేర్చవలసింది కొంచెమే. నెల్లూరు, ఒంగోలు వాసులు ఏ దిక్కుకు చూడాలో, ఎంతసేపు ఏం కనిపించవచ్చో, ఎందుకు భయపడనక్కరలేదో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి జిల్లా కలెక్టర్ల ద్వారా విడుదల చేయాలి. ఒడిశా తీరం నుంచి సంధ్యవేళ లేచే క్షిపణి శ్రీకాకుళం వాసులకూ కనిపించగలదు కాబట్టి, రక్షణ శాఖ కూడా ప్రయోగం ముగిసిన వెంటనే ఒడియా, బెంగాలీలతో పాటు తెలుగులోనూ ఆ మాట చెప్పాలి. తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో రాకెట్ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది, ప్రైవేటు సంస్థల రాకెట్లూ వరుసలో ఉన్నాయి. అవి ఎగరడం మొదలయ్యేలోగా ఈ ఏర్పాటు సిద్ధం కావాలి.