అమావాస్య పూట అట్లాంటిక్

తెల్లవాళ్ళకు పంచాంగం లేదని మనలో ఒక అపోహ ఉంది. దేశ ప్రయోజనాల దృష్ట్యా దాన్ని వెంటనే తొలగించాల్సి వుంది.

గ్లాస్గోలో ఉద్యోగం చేసే నేను, ఆఫీసులో అందరూ పెట్టే ఫొటోలు చూసి చూసి, ఓ శనివారం స్కాట్లండ్ పడమటి తీరాన స్లేట్ (పలకరాయి) దీవుల్లో కయాకింగ్‌కి, అంటే సన్నటి పడవలో తెడ్డు వేసుకుంటూ సముద్రం మీద తిరగడానికి, డబ్బు కట్టాను. ముందు రాత్రి కాకినాడ నుంచి అమ్మ ఫోను.

"ఒరేయ్, రేపు అమావాస్య. నీళ్ళ జోలికి వెళ్ళకు."

చదువుకున్నవాణ్ణి కనక నవ్వాను.

ఉదయం సీల్ దీవికి వెళ్ళే దారిలో ఒక రాతి వంతెన వస్తుంది. 'అట్లాంటిక్ మీది వంతెన' అని దానికి ఘనమైన పేరు. కోనసీమలో పంటకాలవల మీద అలాంటివి బోలెడున్నాయి, వాటికి మనం పేరే పెట్టలేదు. వంతెన దాటి రేవుకు చేరేసరికి మా గైడు కారు బానెట్ మీద సన్నటి పుస్తకం తెరిచి, అంకెల వరసల మీద వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ లెక్క కడుతున్నాడు. ఆ భంగిమ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పక్కన తాంబూలం ఒక్కటే తక్కువ.

ఆ పుస్తకంలో దగ్గర్లోని ఓబన్ రేవులో పోటు (నీరెక్కడం) ఎన్ని గంటలకు, పాటు (నీరు తీయడం) ఎన్ని గంటలకు అన్నది ఏడాది పొడుగునా ఉంటుంది. అచ్చేసేది గ్రీనిచ్ టైములో, వేసవిలో ఇక్కడి గడియారాలు గంట ముందుకు జరుపుతారు కనక అప్పుడు గంట కలుపుకోవాలి. అమెరికాలో రాహుకాలం చూసుకునే మనవాళ్ళ అవస్థ అచ్చం ఇదే. గైడు గంట కలిపి, తలెత్తి, తీర్పు చెప్పాడు: "ఇవాళ అమావాస్య. ప్రవాహం ఉద్ధృతంగా ఉంటుంది. గ్రే డాగ్స్ జలసంధి వైపు వెళ్ళడం లేదు."

అమ్మకు ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. చెప్పలేదు.

శాస్త్రం చాలా నిక్కచ్చి అయినది. ఆరు గంటల పోటును పన్నెండు వంతులు చేస్తారు. మొదటి గంటలో ఒక వంతు నీరెక్కుతుంది, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, చివర ఒకటి. అంటే సగం నీళ్ళు నడిమి రెండు గంటల్లోనే వస్తాయి. ఆ రెండు గంటలూ వర్జ్యం. పోటు పాటుగానో, పాటు పోటుగానో మారేముందు నీరు నిలబడే కాసేపే ముహూర్తం. మా ముహూర్తం పదకొండూ ఇరవైకి పడింది. పదకొండూ పదికి ఒకాయన బాత్రూముకి వెళ్తానంటే గైడు చూసిన చూపు, తాళికట్టు వేళ పెళ్ళికొడుకు కనబడకపోతే పురోహితుడు చూసే చూపే.

తర్వాత మడి. డ్రై సూట్ అనే తొడుగు మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరుతో ఊపిరాడకుండా బిగుస్తుంది. చుక్క నీరు ఒంటికి తగలదు. నీళ్ళలో విహరించడానికి డబ్బు కట్టి, నీళ్ళు తగలకుండా మళ్ళీ డబ్బు కట్టాం. ఆపైన సంకల్పం: ఎంతమందిమి, ఎక్కడికి, ఎన్నింటికి తిరిగొస్తామో రేడియోలో కోస్ట్‌గార్డుకు విన్నవించారు. గోత్రం మాత్రం అడగలేదు.

పక్కనే ఈస్‌డేల్. ఆ దీవిలో కార్లు లేవు. రేవులో ఒంటిచక్రం తోపుడుబళ్ళు వరసగా నిలబెట్టి ఉంటాయి, ఒక్కోదాని మీద ఇంటి పేరో నంబరో రాసి. అమ్మానాన్నలు సరుకులూ పిల్లల్నీ కలిపి తోసుకుంటూ ఇంటికి పోతారు. ఈ ఊరి స్లేట్ గనులను 1881లో ఒక్క తుపాను ముంచేసింది.

భోజనం బెల్నహువాలో. ఇదీ స్లేట్ తవ్విన దీవే. నడుమ గని చెరువైపోయింది, చుట్టూ మొండిగోడలు. ఎన్ని ఊళ్ళ ఇళ్ళకో పైకప్పు పలకలు పంపిన దీవిలో ఇప్పుడు ఒక్క ఇంటికీ కప్పు లేదు. వానలో, ఓ గోడ చాటున, సాండ్‌విచ్ తిన్నాను. దూరంగా రాళ్ళ మీద సీల్ జంతువులు మమ్మల్ని చూస్తూ పడుకున్నాయి, పెళ్ళికి వచ్చిన దూరపు చుట్టాల్లాగా.

తిరిగొచ్చాక గైడు పుస్తకం మళ్ళీ తెరిచాడు. కొత్తవాళ్ళకు నెమ్మది ప్రవాహమే మంచిదట, అది అర్ధచంద్రుడు దాటాక ఒకటి రెండు రోజులకు వస్తుందట. వచ్చే నెలలో తేదీ రాసిచ్చాడు. రాత్రి అమ్మకు వివరంగా చెప్పాను, శాస్త్రాలు రెండూ ఒక్కటేనని, ఇకమీదట ఆవిడ మాట వింటానని. ఆవిడ సంతోషించి, తేదీ ఏదో చెప్పమని, క్యాలెండర్ తిప్పింది.

"నవమినాడు ప్రయాణమేమిట్రా!"